ఇంటి లెక్కలు: అటక మీది దస్తావేజు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని అరవై ఏళ్ళ తర్వాత బాగుచేయించి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. అంత కఠినమైన మాట అనడానికి వారికి మనసొప్పలేదేమో!

మా ఇల్లు రాయపురంలో. 1856లో దక్షిణాదిన మొట్టమొదటి రైలు బయలుదేరిన స్టేషను మాకు నడకదూరం. ఈ చుట్టుపక్కల పాత ఇళ్ళలాగే మాదీ మద్రాసు టెర్రస్ కప్పు. టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలబెట్టి సున్నంతో అతికినది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చిన రాత్రి ఆ కప్పు మూడు చోట్ల కారింది. హాల్లో బకెట్లు పెట్టుకుని కూర్చున్నాం. తెల్లవారేసరికి కప్పు బాగుచేయించక తప్పదని తేలిపోయింది.

బి.కాం. చదివి బ్యాంకులో చేరి, ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ దస్తావేజులు తిరగేస్తున్నవాణ్ణి నేను. అప్పు కోసం నా దస్తావేజు నేనే తీయవలసివచ్చినప్పుడు అది ఎక్కడుందో తెలియలేదు! అటక మీదివన్నీ దించాం. పగిలిన ఊయల బల్ల, పనిచేయని రెండు రేడియోలు, పిల్లల పాత పుస్తకాలు, ఎవరి పెళ్ళిదో తెలియని ఇత్తడి గంగాళం. వాటన్నిటి అడుగున ట్రంకు పెట్టెలో, చెదలు అంచులు కొరికిన దస్తావేజు. అది నాన్నగారి పేరునే ఉంది. ఆయన 2009లో వీలునామా రాయకుండానే పోయారు. నాలుగేళ్ళకు అమ్మా పోయింది. పేరు మార్పిడి సంగతి నేను పట్టించుకోలేదు.

నాన్నగారి స్వార్జితం కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అక్కయ్యకూ నాకూ చెరి సగం. నెల్లూరులో ఉన్న అక్కయ్యకు ఫోను చేశాను. “ఒక సంతకం పెట్టాలి అక్కయ్యా” అన్నాను. “వదులుకుంటున్నట్టా, కలిసి ఉన్నట్టా?” అని అడిగింది. నా మనసులో ఉన్నది విడుదల పత్రమే. జవాబు చెప్పలేకపోయాను. “వాటా అమ్ముకుని పోతానని కాదురా. కప్పు కారితేగాని నేను జ్ఞాపకం రాలేదు చూశావా, అదీ బాధ” అంది.

ఆ మాట నిజం. చివరకు తహసీల్దారు దగ్గర వారసుల సర్టిఫికెట్ తీసుకుని, పట్టాలో ఇద్దరి పేర్లూ చేర్పించాం. అప్పు దరఖాస్తులో అక్కయ్య కూడా సంతకం చేసింది. వాయిదాలు నేను కడుతున్నాను. ముందు ముందు ఇల్లు అమ్మవలసివస్తే ఈ ఖర్చు ఎలా లెక్క కట్టాలో ఒక కాగితం మీద రాసుకున్నాం. మనసులు బాగున్నప్పుడే అలాంటివి రాసుకోవాలి. ఇంత అయ్యాక నేను నేర్చుకున్నది ఒక్కటే: ఇంటి మరమ్మతు మేస్త్రీతో కాదు, అటకతో మొదలుపెట్టాలి.

సామాను దించినప్పుడు మూడు కుప్పలు చేయండి: ఉంచేవి, ఇచ్చేసేవి, అమ్మేసేవి. కాగితాలు మాత్రం ఇంట్లో చదవగల పెద్దవారు ఒక్కొక్కటిగా చూసేదాకా ఏ కుప్పలోనూ వేయవద్దు. దస్తావేజు, దాని ముందటి మూల పత్రాలు, పట్టా, ఆమోదం పొందిన ప్లాను, ఆస్తిపన్ను రసీదులు, మరణ ధ్రువపత్రాలు ఒక సంచిలోకి చేర్చండి. ఇక్కడివారు ‘విల్లంగం’ అంటారే, ఆ ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ కూడా తీయించండి. ఆస్తి మీద పాత తాకట్టు ఏదైనా రిజిస్టరై ఉంటే అందులో బయటపడుతుంది.

ఇక అప్పు లెక్క. అయిదు లక్షలు అయిదేళ్ళకు తీసుకున్నారనుకోండి. ఇంటి మీద 9 శాతానికి దొరికితే నెలకు సుమారు 10,380 రూపాయలు. తొందరపడి పర్సనల్ లోన్ 14 శాతానికి తీసుకుంటే 11,634. మొత్తం మీద తేడా సుమారు 75 వేలు. కాగితాలు సిద్ధంగా లేనందుకు కట్టే జరిమానా అన్నమాట! వాయిదా తక్కువని అదే 9 శాతం అప్పును పదిహేనేళ్ళకు సాగదీస్తే, నెలకు 5,071 రూపాయలే గాని, వడ్డీ ఒక్కటే నాలుగు లక్షలు దాటుతుంది. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పును ముందుగా తీర్చేసినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు. అందుచేత బోనసు వచ్చినప్పుడల్లా కొంత కట్టేయండి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో మీ దస్తావేజు మీకు ఇవ్వాలనీ, బ్యాంకు తప్పిదం వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున ఇవ్వాలనీ 2023లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. పాత పన్ను పద్ధతిలో ఉన్నవారికి, తాము ఉంటున్న ఇంటి మరమ్మతు అప్పు వడ్డీలో ఏడాదికి 30,000 వరకూ మినహాయింపు ఉంది.

“ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా?” అని చాలామంది అడుగుతారు. పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన పక్కా ఇల్లు లేనివారి కోసం ఉద్దేశించినది. మరమ్మతులకు అది దొరుకుతుందని ఎవరైనా కమిషన్ అడిగితే నమ్మకండి. అయితే 2024 ఫిబ్రవరిలో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకంలో మిద్దె మీది సౌర పలకలకు ఒక కిలోవాటుకు 30,000, రెంటికి 60,000, మూడు ఆపైన 78,000 రూపాయల సబ్సిడీ నిర్ణయించారు. మా వంటి పాత కప్పుల వారు మాత్రం ఆ బరువు ఆగుతుందా అని ఇంజనీరును అడిగే దిగాలి.

ఖర్చు పెట్టే వరుస కూడా ముఖ్యమే. ముందు కప్పు, తర్వాత గోడల చెమ్మ, ఆపైన కరెంటు వైరింగు. టైల్సూ మాడ్యులర్ కిచెనూ డబ్బు మిగిలితే. మేస్త్రీ చెప్పిన అంచనాకు ఇంకో అయిదోవంతు కలుపుకుని చూసుకోండి. పాత ఇల్లు తవ్విన కొద్దీ ఖర్చు చూపిస్తుంది.

భోగికి పాతవి మంటలో వేయడం మన ఆచారం. 2018 భోగినాడు చెన్నైలో ఆ పొగకు విమానాలే ఆలస్యమయ్యాయి. ఈసారి మంట చిన్నది చేసుకుందాం. అంతకు వారం ముందే అటక దించి, నాన్నగారి పెట్టె తెరిచి చూడండి. అందులో ఎవరి పేరుందో చూసుకుని, కప్పు కారకముందే ఆ అక్కచెల్లెళ్ళకో అన్నదమ్ములకో ఒకసారి ఫోను చేయండి. సంతకం కోసం కాదు, ఊరికే పలకరించడానికి.