మరపు వచ్చినంత మాత్రాన హక్కు పోదు

షోలాపూర్ తూర్పు భాగంలోని నేతవాడల్లో మరమగ్గాల చప్పుడు మధ్య వినిపించే ఇంటి భాష తెలుగే. నిజాం ఏలుబడి నాటి నుంచి తెలంగాణ పల్లెలు విడిచి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అక్కడ దుప్పట్లు, తువ్వాళ్ళు నేస్తుండగా, స్త్రీలలో అనేకులు బీడీలు చుట్టి సంసారాలు నెట్టుకొస్తున్నారు. ఆ వాడలతో వియ్యమందిన ఇళ్ళు సరిహద్దు పల్లెల్లో తక్కువేమీ కావు. కనుక అక్కడి వృద్ధుల కష్టం ఇక్కడి వారికి పరాయిది కాదు.

2023లో వెలువడిన జాతీయ అంచనా ప్రకారం దేశంలో 60 ఏళ్ళు పైబడిన వారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధి ఉంది. స్త్రీలలోనూ, పల్లెల్లోనూ ఇది ఎక్కువ. అయినా దీనిని ముసలితనపు చాదస్తమని కొట్టిపారేయడం, లేదా పిచ్చి అని పేరు పెట్టి పెళ్ళిపేరంటాలకు దూరంగా ఉంచడం మన ఇళ్ళలో మామూలైపోయింది.

భాష చిక్కు వేరే ఉంది. ఈ వ్యాధిలో తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోయి తల్లిభాష మిగలడం తరచు కనిపించేదే. జీవితమంతా మరాఠీలో బేరమాడిన అవ్వను వైద్యుడు మరాఠీలోనే ప్రశ్నిస్తే, ఆమెకు ఉన్న తెలివి కూడా లేనట్లే లెక్కకు వస్తుంది. తెలుగు తెలిసినవారు పక్కన ఉండాలని కోరడం దయ అడుక్కోవడం కాదు. విచిత్రమేమంటే, హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, రెండు భాషలు మాట్లాడేవారిలో ఈ వ్యాధి నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వారిలోనూ ఆ తేడా కనిపించింది.

ఇక ఆస్తి సంగతి. వ్యాధి పేరు చెప్పి వేలిముద్రలు వేయించుకొనేవారు కొందరైతే, అదే పేరు చెప్పి ముసలివారి మాటకు విలువే లేదనేవారు మరికొందరు. 2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం జ్ఞాపకశక్తికి సంబంధించిన తీవ్ర రుగ్మతను కూడా తన పరిధిలోకి తెచ్చింది. న్యాయస్థానం తేల్చనిదే, వ్యాధి ఉన్నంత మాత్రాన ఎవరినీ మతిస్థిమితం లేనివారిగా పరిగణించరాదని అది చెబుతోంది. శారీరక వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వాలనీ ఆదేశించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాలో మాత్రం పార్కిన్సన్స్ పేరుంది గాని డిమెన్షియా పేరు లేదు. ఈ లోటును కేంద్రం పూరించవలసి ఉంది.

చూస్తామన్న షరతుపై ఆస్తి రాయించుకొని ఆ తరువాత చూడకపోతే, 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద ఆ బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. పోషణ కోసం వృద్ధులు స్వయంగా దరఖాస్తు చేయలేకపోతే వారు అధికారమిచ్చిన వ్యక్తి గాని, సంస్థ గాని చేయవచ్చు. ట్రిబ్యునల్ తనంత తానుగానూ విచారణ చేపట్టవచ్చు.