అడవి లెక్క మన పుస్తకంలో ఉండాలి

ఈ ఏడాది మీ ఊళ్లో ఇప్పపువ్వు ఎప్పుడు రాలడం మొదలైంది? పోయినేడు కంటే ముందా, వెనకా? ఊటగెడ్డ ఏ నెలలో సన్నబడింది? కొండ మీద జీలుగు చెట్లు పదేళ్ల కింద ఎన్ని ఉండేవి, ఇప్పుడెన్ని ఉన్నాయి?

ఇంట్లో అమ్మమ్మనో తాతనో అడిగి చూడండి. తడుముకోకుండా చెప్తారు. ఇవే ప్రశ్నలు ఏ ఆఫీసులోనైనా అడగండి. జవాబు దొరకడం కష్టం. ఎందుకంటే ఆ లెక్క ఫైళ్లలో లేదు. అడవిలో తిరిగిన మనవాళ్ల కళ్లలో ఉంది, కాళ్లలో ఉంది.

ఇప్పటిదాకా అది చాలింది. ఇక చాలదు. రేపు కొండకి గని వస్తుందనో, గెడ్డకి రిజర్వాయర్ కడతారనో ఒక కంపెనీ లావుపాటి రిపోర్టు తెస్తుంది. ఇక్కడ చెప్పుకోదగ్గ జంతువుల్లేవు, అరుదైన మొక్కల్లేవు అని అందులో రాసి ఉంటే మనం లేచి "అబద్ధం" అంటాం. "ఆధారం ఏది?" అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకి మనం ఎలా సిద్ధం కావాలో ఈ వ్యాసంలో మాట్లాడుకుందాం.

డిగ్రీలు, ల్యాబులు లేని మామూలు మనుషులు పిట్టల్ని, చెట్లని, నీళ్లని గమనించి ఒక పద్ధతిలో రాసిపెట్టడాన్ని ఇప్పుడు 'సిటిజన్ సైన్స్' అంటున్నారు. తెలుగులో పౌర విజ్ఞానం అనొచ్చు. ఇదేమీ ఆషామాషీ పని కాదు. 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక చూడండి. సుమారు 30 వేల మంది పక్షుల్ని చూసేవాళ్లు ఈ-బర్డ్ అనే వేదికలో రాసిన 3 కోట్లకు పైగా నమోదుల మీద అది నిలబడింది. 942 జాతుల పరిస్థితిని అంచనా వేసింది. ఏ పిట్ట తగ్గిపోతోంది, దేన్ని ముందు కాపాడాలి అని ఈ రోజు ప్రభుత్వాలు మాట్లాడుతున్నాయంటే దాని వెనక జీతం లేని ఈ చూపు ఉంది. 2010 నుంచి నడుస్తున్న 'సీజన్‌వాచ్'లో స్కూలు పిల్లలే వారం వారం ఒకే చెట్టు దగ్గరికి వెళ్లి చిగురు వచ్చిందా, పూసిందా, కాసిందా అని రాస్తున్నారు. రుతువులు ఎటు జరుగుతున్నాయో తెలియాలంటే ఇలాంటి ఏళ్ల తరబడి లెక్కే కావాలి.

మరి ఇందులో మనం ఎక్కడున్నాం? ఫోను, సిగ్నలు, బైనాక్యులర్ ఉన్నవాళ్లు తిరిగే నగరాల చుట్టూ, చెరువుల చుట్టూ, టూరిస్టు చోట్ల లెక్కలు కుప్పలుగా ఉంటాయి. దారి లేని కొండల్లో పలచబడతాయి. అక్కడ పిట్టలు లేక కాదు. ఆ పిట్టని రోజూ చూసేవాడు నమోదు చేయడు, అంతే. అతనికి ఆ పిట్ట కోయ పేరు తెలుసు, కువి పేరు తెలుసు, సవర పేరు తెలుసు. ఆ పేర్లు యాప్‌లో లేవు.

చూసి గుర్తుపెట్టుకోవడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. కొండరెడ్లు మామిడి కొత్త చేయకుండా మామిడికాయ ముట్టరు. కొర్ర కొత్త, సామ కొత్త, చిక్కుడు కొత్త అని ఏజెన్సీలో ఒక్కో పంటకి ఒక్కో పండగ. పండగ అయ్యేదాకా ఎవరూ తెంపకూడదు అంటే అర్థమేంటి? ఊరంతా కలిసి చెట్టుని, చేనుని గమనిస్తోంది. అందరూ కూర్చుని రోజు నిర్ణయిస్తున్నారు. ఆ నిర్ణయానికి అందరూ కట్టుబడుతున్నారు. చూడటం, మాట్లాడుకోవడం, కట్టుబాటు మూడూ మనకి ఉన్నాయి. లేనిది నాలుగోది, రాత.

రాస్తే ఏమవుతుందో చెప్పడానికి కర్ణాటక నుంచి ఒక అనుభవం చెప్తాం. చామరాజనగర్ జిల్లాలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు ఉంటారు. తేనె, ఉసిరి సేకరణ వాళ్ల బతుకు. ఆ కొండల్ని 1974లో అభయారణ్యం చేశారు. నిప్పు పెట్టకూడదన్నారు. అంతకుముందు సోలిగలు ఎండాకాలం మొదట్లో నేల మీది ఎండుటాకుల్ని చిన్న మంటతో కాల్చేవారు. దాన్ని 'తరగు బెంకి' అంటారు. అది ఆగిపోయింది. కొన్నేళ్లకి ఉసిరి తగ్గుతోందన్న మాట మొదలైంది. ఇలాంటప్పుడు వేలు ఎటు చూపిస్తారో మనకి తెలిసిందే. కాయ కోసేవాడి మీదికే.

సోలిగ పెద్దలు వేరే మాట చెప్పారు. ఉసిరి కొమ్మలకి బదనిక పట్టి చెట్టు చస్తోంది, కింద లాంటానా కంప కమ్మేసి మొలక రావట్లేదు, మంట ఆపేశాకే ఈ రెండూ పెరిగాయి అన్నారు. బెంగళూరులోని ఏట్రీ పరిశోధకులు సోలిగలతో కలిసి ఏళ్ల తరబడి అడవిని గమనించారు. 1997లో కొలిచిన చోట్లనే 2008లో మళ్లీ కొలిస్తే, లాంటానా ఉన్న చోట్లు 41 శాతం నుంచి 81 శాతానికి పెరిగాయి. పెద్దల మాట విని మంటల విధానాన్ని మళ్లీ ఆలోచించాలని 2012లో ఒక అంతర్జాతీయ సైన్స్ పత్రికలో రాశారు. ఈలోగా 2006లో అభయారణ్యంలో సేకరణే ఆపేశారు. సోలిగలు పోరాడారు. తమ దేవుళ్ల చోట్లని పరిశోధకులతో కలిసి పటం మీద పెట్టారు. టైగర్ రిజర్వు ప్రకటించిన తర్వాత కూడా 2011లో అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులు సాధించుకున్నారు.

తాత నోటి మాట తాతతో పోతుంది. అదే మాట కొలతతో, తేదీతో కాగితం మీదికి వస్తే, దాన్ని కాదనడానికి అవతలివాడు కూడా కొలవాల్సి వస్తుంది.

ఇక రెండో వైపు. ఇది చెప్పకుండా మిమ్మల్ని నోట్‌బుక్ పట్టుకోమంటే మోసం చేసినట్టే.

కేరళ, తమిళనాడు సరిహద్దులో అగస్త్య కొండలున్నాయి. 1987లో ఒక శాస్త్రవేత్తల బృందానికి కాణి ఆదివాసీ యువకులు దారి చూపిస్తున్నారు. ఎక్కుతున్న కొద్దీ వీళ్లు అలిసిపోతున్నారు, కాణిలు మాత్రం ఏవో చిన్న కాయలు నములుతూ హాయిగా నడుస్తున్నారు. ఏంటది అని అడిగి అడిగి తెలుసుకున్నారు. ఆరోగ్యపచ్చ. దాన్నుంచి 'జీవని' అనే మందు తయారైంది. 10 లక్షల లైసెన్సు ఫీజుకి, ఏడేళ్ల పాటు 2 శాతం రాయల్టీకి ఒక ఆయుర్వేద కంపెనీకి ఇచ్చారు. అందులో సగం కాణిల ట్రస్టుకి. ప్రపంచమంతా దీన్ని ఆదర్శం అని మెచ్చుకుంది. మరి అన్ని గూడేల కాణిలని ముందుగా అడిగారా? లేదు. చెప్పడం అయిపోయాక వాటా గురించి మాట్లాడారు. ఆ మొక్కని సేకరించుకోవడానికి అటవీ శాఖ అడ్డు చెప్పింది. ఒకసారి నోరు దాటిన రహస్యాన్ని వెనక్కి తెచ్చుకోలేం.

మన చేతిలో చట్టం లేదా అంటే ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ పరిధిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. అది ఊరి మనుషుల్ని సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయాలి. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కన్నెర్ర చేసి, 2020 జనవరి 31 లోపు పూర్తి చేయకపోతే రాష్ట్రాలు నెలకి 10 లక్షలు కట్టాలంది. దాంతో దేశమంతా ఉరుకులు పరుగులు. లక్షల రిజిస్టర్లు తయారయ్యాయి. చాలాచోట్ల ఊరి వాళ్లకి తెలియకుండానే తయారయ్యాయి. మీ పంచాయతీ పేరు మీద కూడా ఒకటి ఉండే ఉంటుంది. ఎప్పుడైనా చూశారా? లేకపోతే సమాచార హక్కు కింద అడగండి. అందులో మీ కొండ ఉందా, పక్క మండలం కొండ ఉందా చూడండి.

ఇంకో మార్పు కూడా జరిగింది. 2023 సవరణతో గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్లకి, ఆయుష్ వైద్యులకి లాభంలో వాటా ఇచ్చే బాధ్యత నుంచి మినహాయింపు వచ్చింది. ఏది గ్రంథస్థం, ఏది మనది అన్న గీత ఎవరు గీస్తారు? గూడెంలో కూర్చున్నవాళ్లు మాత్రం కాదు.

అందుకే మన పుస్తకానికి పునాది అటవీ హక్కుల చట్టం కావాలి. 2006 చట్టంలో సెక్షన్ 3(1)(ఐ) సామూహిక అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు ఇస్తుంది. 3(1)(కె) జీవవైవిధ్యం మీద, దానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక మేధో హక్కు ఇస్తుంది. సెక్షన్ 5 అడవిని, వన్యప్రాణుల్ని, నీటి వనరుల్ని కాపాడే అధికారం గ్రామసభకి ఇస్తుంది. కాబట్టి పుస్తకం గ్రామసభది. ఎన్జీవోది కాదు, యూనివర్సిటీది కాదు, యాప్‌ది అసలే కాదు.

ఆ పుస్తకంలో ఏం రాయాలి?

నీళ్లు రాయండి. ఊట దగ్గర బిందె నిండటానికి ఎంతసేపు పడుతోంది, ఫోన్‌లో టైము చూసి నెలకోసారి రాస్తే చాలు. ఖర్చు లేని కొలత ఇది. మూడేళ్లు రాస్తే కొండ పైన ఏం జరుగుతోందో కింద తెలిసిపోతుంది. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకి నీటి పరీక్ష కిట్ల మీద శిక్షణ ఇవ్వాలి. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో కనుక్కోండి. వాళ్ల ఫలితాలు కూడా ఈ పుస్తకంలోకి రావాలి.

చెట్లు రాయండి. ఒక ఇప్ప, ఒక చింత, ఒక పనస, ఒక కరక్కాయ ఎంచుకోండి. ఏటా అవే చెట్లు, వారంలో అదే రోజు. పూత, కాయ, రాలడం. తేనె పట్లు ఎన్ని, పిట్టలు ఏవి, జంతువుల అడుగులు ఎక్కడ. పేరు ముందు మన భాషలో, పక్కన తెలుగులో. తేదీ, చోటు, చూసినవాళ్ల పేరు తప్పనిసరి. ముఖ్యంగా ఒకటి గుర్తుంచుకోండి. కనపడనిది కూడా రాయాలి. "ఈ నెల నాలుగుసార్లు వెళ్లాం, ఒక్కసారి కూడా కొండగొర్రె కనపడలేదు" అన్నది కూడా లెక్కే. సున్నాలు లేని పుస్తకాన్ని ఎవరూ నమ్మరు.

ఏం రాయకూడదు? లేదా రాసినా ఏం బయటపెట్టకూడదు? ఏ వేరు ఏ రోగానికి అన్నది, దేవుడి తోపుల లోపలి విషయాలు, అలుగు బొరియ ఎక్కడ, నక్షత్ర తాబేలు ఎక్కడ అన్నది. ఉత్సాహంలో లొకేషన్ ఆన్ చేసి ఫొటో పెడితే వేటగాడికి దారి చూపించినట్టే. ఐ-నేచురలిస్ట్ లాంటి యాప్ ముప్పులో ఉన్న జాతుల చోటుని తనంతట తానే సుమారు 20 కిలోమీటర్ల గడిలో దాచేస్తుంది. మిగతావాటికి మనమే ఆ సెట్టింగ్ పెట్టుకోవాలి. బయటికి ఏది ఇవ్వాలి, ఎవరికి, ఏ షరతుతో అన్నది గ్రామసభ తీర్మానంతోనే జరగాలి. పరిశోధన కోసం వచ్చేవాళ్లని గౌరవంగా కూర్చోబెట్టి టీ ఇవ్వండి, ఆ తర్వాత తీర్మానం కాపీ చూపించండి. దారి చూపించినందుకు కూలి, రాసినందుకు పేరు, తీసుకెళ్లిన లెక్కలో ఒక కాపీ అడగండి. పులుల లెక్క కోసం నల్లమలలో నడిచే చెంచు వాచర్లకి కూడా ఇదే న్యాయం జరగాలి.

ఇంకో చేదు మాట. పుస్తకం మనకి వ్యతిరేకంగా కూడా మాట్లాడుతుంది. తపసి బంక కోసం గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టి చెట్లని చంపుకున్న అనుభవం మన ఏజెన్సీకి ఉంది. గాటు చిన్నది చేస్తే చెట్టు బతుకుతుందని తర్వాత నేర్చుకున్నాం. మన సేకరణ వల్లే ఏదైనా తగ్గుతోందని లెక్క చెప్తే దాచొద్దు. గ్రామసభలో పెట్టి కొత్త కట్టుబాటు చేసుకుందాం. మన తప్పు మనం రాసుకున్నప్పుడే ఎదుటివాడి తప్పు గురించి మన పుస్తకం చెప్పే మాటకి విలువ ఉంటుంది.

గని కంపెనీల పర్యావరణ రిపోర్టులు చాలావరకు వానాకాలం కాని ఒక్క సీజన్ లెక్కతోనే తయారవుతాయి. వాన పడితేనే కనపడే కప్ప, వానల్లోనే మొలిచే దుంప, వానల్లోనే పొంగే గెడ్డ అందులో ఎలా కనపడతాయి? పన్నెండు నెలలు రాసిన ఊరి పుస్తకం ముందు ఆ రిపోర్టు తేలిపోతుంది. ప్రజాభిప్రాయ సేకరణకి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ రోజు అరిచి ఊరుకోకుండా, మన పుస్తకం పేజీల కాపీలు రాతపూర్వకంగా ఇచ్చి, మినిట్స్‌లో ఎక్కించమని పట్టుబట్టి, రసీదు తీసుకోవాలి.

నోట్‌బుక్ ఉంటే గని ఆగిపోతుందని మేం చెప్పట్లేదు. నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు వద్దన్నాయి కాబట్టి ఆగింది. మనుషుల ఐక్యత ముందు, పుస్తకం తర్వాత. కానీ ఐక్యంగా నిలబడ్డవాళ్ల చేతిలో ఆధారం కూడా ఉంటే వాళ్లని పక్కకి నెట్టడం అంత తేలిక కాదు.

వచ్చే సంతకి వెళ్లినప్పుడు ఒక లావుపాటి లాంగ్ నోట్‌బుక్ కొనండి. మొదటి పేజీలో గ్రామసభ తీర్మానం రాయించండి. రాసేది చదువుకున్న పిల్లలు, చెప్పేది పెద్దలు, చూసేది అందరూ. రెండో పేజీలో ఆ రోజు తేదీ వేసి ఊట దగ్గరికి వెళ్లండి. బిందె పెట్టండి. ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి.

మొదటి లెక్క అదే.