ఊబకాయం మందులు: జన్యువులను ఏమని అడుగుతున్నాం?

జన్యువు అన్న మాట వినగానే మన సంఘాల్లో అనుమానం మొదలవుతుంది. అందులో తప్పేమీ లేదు. 1985లో పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో స్త్రీల మీద నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం, దాని మీద స్త్రీశక్తి సంఘటన మరికొన్ని సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకెక్కడం, 2009లో ఖమ్మం జిల్లా బాలికలకు వేసిన హెచ్‌పీవీ టీకా, వీటికి తోడు ఆడపిండాలను ఏరిపారేసిన పరీక్షలు. ఇవన్నీ గుర్తున్నవాళ్లం సైన్సు మాట మీద ఊరికే నమ్మకం పెట్టుకోలేం. అయినా ఊబకాయానికి మందులు వెతికే పనిలో జన్యుశాస్త్రాన్ని వాడుతున్న పద్ధతి ఒకటుంది. దాన్ని స్త్రీలుగా మనం తోసిపుచ్చకూడదని, అది సరిగ్గా జరగాలని పట్టుబట్టాలని నా వాదన.

ముందు ఆ పద్ధతి ఏమిటో చూద్దాం. ఏ మందైనా ఒంట్లో ఏదో ఒక ప్రోటీన్ మీద పనిచేస్తుంది. దాన్ని టార్గెట్ అంటారు. ఇదివరకు ఎలుకల్లో ఫలితం కనిపిస్తే చాలు, మనుషుల మీద ప్రయోగానికి దిగేవారు. ఇప్పుడు లక్షల మంది జన్యువులను చదివి, ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు పుట్టుకతోనే పనిచేయనివాళ్లు ఎవరో వెతుకుతున్నారు. ఒక రకంగా వాళ్లు ఆ మందును పుట్టినరోజు నుంచీ మింగుతున్నవాళ్లతో సమానం. వాళ్ల బరువెంత, బీపీ ఎంత, షుగర్ వచ్చిందా, మనసు ఎలా ఉంది అన్నవి చూస్తే మందు తయారుకాక ముందే దాని మంచిచెడ్డలు కొంతవరకు తెలుస్తాయి. 2021లో బ్రిటన్, అమెరికా, మెక్సికోలకు చెందిన 6 లక్షల 45 వేల మంది జన్యువులను చదివిన రీజెనెరాన్ కంపెనీ పరిశోధకులు, జీపీఆర్75 అనే జన్యువు ఒక ప్రతి పనిచేయనివాళ్లు మిగతావాళ్ల కంటే సగటున 5.3 కిలోల తక్కువ బరువున్నారని చెప్పారు. అలాంటివాళ్లు పదివేల మందిలో నలుగురే. ఇలా జన్యు సాక్ష్యం ఉన్న టార్గెట్లు చివరికి మందుగా నెగ్గే అవకాశం లేనివాటికంటే 2.6 రెట్లు ఎక్కువని 2024లో మరో అధ్యయనం లెక్క తేల్చింది.

ఇది మనకెందుకు ముఖ్యం? ఊబకాయం మందుల చరిత్ర ఒకసారి తిరగేయండి. ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటాలను దెబ్బతీస్తోందని 1997లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. రిమోనబాంట్ 2006లో యూరప్‌లో అనుమతి పొందింది. మనసు కుంగిపోవడం, ఆత్మహత్య ఆలోచనలు బయటపడ్డాక 2008లో ఆపేశారు. సిబుట్రమిన్‌కు 2010లో అదే గతి పట్టింది. ఇవి మింగినవాళ్లలో ఎక్కువమంది స్త్రీలే. లావు తగ్గమని ఇంట్లో, పెళ్లిచూపుల్లో, పత్రికల్లో ఎవరి చెవిలో ఇల్లు కట్టుకుని పోరతారో మందు కూడా వాళ్ల దగ్గరికే వస్తుంది. కాబట్టి మన ఒంటి మీదికి రాకముందే ఒక జల్లెడ ఉండటం మనకు మేలు.

ఆ జల్లెడ పనిచేసిన సందర్భం ఒకటి చెబుతాను. ఆకలిని అదుపుచేసే ఎంసీ4ఆర్ అనే జన్యువు లోపించినవాళ్లు బాగా లావుగా ఉంటారు. కానీ వాళ్ల బీపీ మాత్రం ఆ లావుకు ఉండాల్సినంత ఎక్కువగా ఉండదని 2009లో కేంబ్రిడ్జి పరిశోధకులు గమనించారు. అంటే ఆ దారిని మందుతో రెచ్చగొడితే బరువు తగ్గినా బీపీ పెరగొచ్చు. ఒక మందుతో పరీక్షిస్తే నిజంగానే పెరిగింది. ఇటువంటి హెచ్చరిక రిమోనబాంట్ విషయంలో ముందే ఉంటే ఎంత బాగుండేది!

ఈ పరిశోధన చేసిన మరో మంచి పనిని మన చర్చల్లో ఎవరూ ఎత్తరు. అది తల్లుల మీద పడిన నిందను కొంత తుడిచింది. 1997లో ఇంగ్లండ్‌లో పాకిస్తానీ మూలాలున్న ఒకే కుటుంబంలోని ఇద్దరు పిల్లల్లో లెప్టిన్ అనే హార్మోను అసలు లేదని తేలింది. ఎనిమిదేళ్ల పిల్ల 86 కిలోలుంది. లెప్టిన్ ఇంజెక్షన్లు ఇచ్చాక ఆకలి అదుపులోకొచ్చి, ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. 2009లో అక్కడే జరిగిన మరో అధ్యయనంలోని కొందరు పిల్లల తల్లిదండ్రులు కావాలనే అతిగా తినిపిస్తున్నారని అనుమానించి, ప్రభుత్వ సంక్షేమాధికారులు ఆ పిల్లలను ప్రమాదంలో ఉన్నవారి జాబితాలోకి ఎక్కించారు. జన్యులోపం బయటపడ్డాకే వాళ్ల పేర్లు తీసేశారు. మేనరికాలు ఉన్న మన ఇళ్లలోనూ ఇటువంటి అరుదైన లోపాలకు అవకాశం ఎక్కువే. మన దగ్గర జాబితాలు లేకపోవచ్చు గానీ "నువ్వే మేపి పాడుచేశావు" అనే అత్తగారు ఏ ఇంట్లోనైనా ఉంటుంది.

అలాంటి అరుదైన లోపాలు కొన్నిటికి సెట్‌మెలనోటైడ్ అనే మందు 2020లో అమెరికాలో అనుమతి పొందింది. ఖర్చు ఏడాదికి లక్షల డాలర్లు. అది ఒంటి రంగును ముదురు చేస్తుంది కూడా. తెల్లబడే క్రీముల దేశంలో ఆడపిల్లకు ఈ మందు రాయాల్సిన డాక్టరు పరిస్థితి ఊహించుకోండి!

ఇక నా అభ్యంతరాలకు వస్తాను. జన్యువులు అబద్ధమాడకపోవచ్చు, కానీ మనం అడిగినదానికే జవాబిస్తాయి. ఎక్కువ అధ్యయనాలు అడుగుతున్నది బీఎంఐ తగ్గిందా అనే. కొవ్వు నడుము చుట్టూ చేరడం వేరు, తుంటి, తొడల దగ్గర చేరడం వేరు. మొదటిదే షుగరుకూ గుండెజబ్బుకూ దగ్గర. నడుము, తుంటి కొలతల నిష్పత్తికి సంబంధించిన 14 జన్యుస్థానాల్లో ఏడింటి ప్రభావం స్త్రీలలోనే బలంగా ఉందని 2010లోనే తేలింది. స్త్రీ, పురుషుల లెక్కలు కలిపేసి సగటు తీస్తే ఇది మరుగున పడిపోతుంది. పైగా ఆ జన్యువులు ఎవరివి? అందరూ వాడుకునే యూకే బయోబ్యాంక్‌లోని ఐదు లక్షల మందిలో నూటికి 94 మంది తెల్లవాళ్లు. మన దేశపు జీనోమ్ ఇండియా పదివేల మంది జన్యువుల సమాచారాన్ని 2025లో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. పదివేలకు నలుగురిలో ఉండే మార్పును వెతకడానికి అది ఏ మూలకు? తక్కువ బరువులోనే మనవాళ్లకు షుగర్ వస్తోందని డాక్టర్లు మనకు బీఎంఐ గీతను కిందికి దించారు గానీ, మందుల లెక్క మాత్రం ఇంకా వాళ్ల ఒళ్ల మీదే నడుస్తోంది.

పుట్టుకతో లేని ప్రోటీన్ వేరు, నలభయ్యో ఏట మందుతో ఆపిన ప్రోటీన్ వేరు. గర్భం మాటేమిటి? సెమాగ్లుటైడ్ వాడే స్త్రీ గర్భం కోరుకుంటే రెండు నెలల ముందే మానేయాలి. టిర్జెపటైడ్ అయితే గర్భనిరోధక మాత్రల పనిని తగ్గించవచ్చు. కొత్త టార్గెట్లు ఎంచేటప్పుడే, ఆ జన్యుమార్పు ఉన్న స్త్రీలకు నెలసరి, కాన్పులు ఎలా సాగాయన్నది బరువుతో పాటు చూడాలి.

జన్యువు చెప్పలేనిదీ ఒకటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం స్త్రీలు అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వేలో దేశంలో 57 శాతం స్త్రీలకు రక్తహీనత. ఒక తరంలో జన్యువులు మారవు. మారింది పళ్లెం, పని, నడక.

2019 కొత్త మందుల నిబంధనల ప్రకారం క్లినికల్ ట్రయల్స్‌ను ఆమోదించే ఎథిక్స్ కమిటీలో ఒక స్త్రీ, ఒక సామాన్య వ్యక్తి ఉండాలి. సామాజిక శాస్త్రవేత్తకో, స్వచ్ఛంద సంస్థ ప్రతినిధికో కూడా చోటుంది. ఈ పత్రిక చదివేవాళ్లలో కొందరు ఆ కుర్చీల్లో కూర్చుంటున్నారు. ఈసారి ఊబకాయం మందు ఫైలు మీ ముందుకొస్తే, ఈ టార్గెట్‌కు మనుషుల జన్యు సాక్ష్యం ఉందా, అందులో స్త్రీల లెక్క విడిగా ఉందా, దక్షిణాసియా వాళ్లు ఎంతమంది, ట్రయల్ ముగిశాక మందు ఆ స్త్రీలకు ఎంతకాలం ఇస్తారు అని అడగండి. జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి.