కరవది నుండి శ్రీరంగమునకు

పత్తి, మిరప పండెడు నల్లరేగడి నేలలో సంగీతమునకు తావెక్కడిదని కొందరు పెదవి విరుతురు. ఒంగోలు చెంతనున్న కరవది గ్రామమున 1924లో జన్మించిన షేక్ చినమౌలానా గారి చరిత్ర వారు వినదగినది. ఆనాడు ఒంగోలు తాలూకా గుంటూరు జిల్లాలోనిది. వేరు జిల్లా యేర్పడినది 1970లో గదా!

ముస్లిం కుటుంబములవారు తరతరములుగా దేవాలయములలో నాదస్వరము వాయించుట ఈ ప్రాంతమున వింత గాదు. చినమౌలానా గారికి తండ్రియే తొలి గురువు. పిమ్మట చిలకలూరిపేట షేక్ ఆదం సాహెబు గారికడ శిక్షణ పొందిరి. కులవిద్య చేతికి వచ్చినది. మరియొకరైనచో పెండ్లిండ్ల పిలుపులతో, ఉత్సవముల సంభావనలతో తృప్తి చెందియుందురు. ఆయన మాత్రము టి. ఎన్. రాజరత్నం పిళ్లె గారి వాదనమునకు ముగ్ధులై, ఆ తంజావూరు బాణీని నేర్వగోరి, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైక్కణ్ణు సోదరులకు శిష్యులైరి. విద్య వచ్చినవాడు మరల విద్యార్థియై చాపమీద కూర్చుండుట సామాన్యము గాదు. ఆయన పొందిన బిరుదులన్నింటికన్న మాకిదియే పెద్దదిగా దోచుచున్నది.

పియానోపై మెట్టు నొక్కినచో స్వరము సిద్ధముగా పలుకును. నాదస్వరమున వ్రేళ్లాడు రంధ్రములు ఏడే. తక్కిన స్వరభేదములను, గమకములను ఊపిరి బలిమితో, పీకపై పెదవుల ఒత్తిడితో రాబట్టవలెను. పుస్తకము చూచి నేర్చు విద్య గాదిది. గురువు నెదుట కూర్చుండవలసినదే. శ్రీరంగమున స్థిరపడిన చినమౌలానా గారు 1982లో అచ్చట శారదా నాదస్వర సంగీతాశ్రమమును నెలకొల్పి శిష్యులను తీర్చిదిద్దిరి. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి ఆయనను వరించినవి. మరుసటి యేడే కన్నుమూసిరి. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2021లో పద్మశ్రీ లభించినది.

ఇంత గొప్ప ఆశ్రమము కావేరి యొడ్డున వెలసినదేకాని కరవదిలో వెలయలేదేమి? తమిళసోదరులను తప్పుపట్టి ప్రయోజనము లేదు. అచ్చట దేవుని ముంగిట రాత్రి తెల్లవారువరకు రాగాలాపన వినువారుండిరి. ఇచ్చట మనకు సన్నాయి యనగా మాంగళ్యధారణవేళ గట్టిమేళము. అది ముగియగానే అందరి దృష్టియు విస్తళ్లమీదనే. ఇప్పుడా కాస్త చోటును కూడ డి.జె. పెట్టెలు ఆక్రమించినవి. తిరుపతిలో దేవస్థానమువారు నాదస్వర, డోలు పాఠశాల నడుపుచున్నారు, సంతోషమే. కాని వినువారిని తయారుచేయు పాఠశాల యేది?

ఆ పని మన ఉపాధ్యాయులు చేయగలరు. వార్షికోత్సవమునకు వచ్చిన మంత్రిగారిని ఎదుర్కొనుటకు గాక, విద్యార్థులు వినుటకై ఊరి విద్వాంసుని పిలువుడు. ఆయనను వేదికపై కూర్చుండబెట్టి, మైకు తగ్గించి, ఒక్క రాగమును అరగంటసేపు వాయింపుమనుడు. పిల్లలు ఆ పీకను చేతబట్టి చూడనిండు. ఊపిరి ఎట్లు నిలిపెదరో, ఎవరికడ నేర్చిరో అడుగనిండు. డోలు విద్వాంసుని మరువకుడు. ఇరువురి సంభావనయు ముందే నిశ్చయించి, సభ ముగియకమునుపే చేతికీయుడు.