చేతికంటని చదువు

మన యిండ్లలో నిప్పుడొక వింత వ్యాపారము సాగుచున్నది. కుమారుడు డిగ్రీ కాలేజీలో చదువుచుండును. వేసవిలో వాడు పని నేర్చుకొనుటకు పోవలయును. తండ్రి తానెఱిగిన యొక కచేరికి బోయి, వాడు రెండు నెలలు పనిచేసెనని వ్రాయించుకొని వచ్చును. ఆ రెండు నెలలును వాడు మేడగదిలో నిద్రించుచుండును. మా బంధువుల యింటనే యిట్టి సర్టిఫికేటొకటి మేము చూచితిమి. ముద్ర మిగుల స్పష్టముగా నున్నది. ఆ కచేరి యే వీథిలో నున్నదో మాత్రము పిల్లవాడు చెప్పజాలకపోయెను.

2020-21 విద్యాసంవత్సరమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సాధారణ డిగ్రీ చదువులో పదినెలల యింటర్న్‌షిప్పును విధిగా జేసెను. మొదటి యేడు ముగిసిన పిమ్మట రెండు నెలలు ప్రజాసేవ, రెండవ యేటి పిమ్మట రెండు నెలలు వృత్తిపరిచయము, తుదకు ఆరు నెలలు పూర్తిగా పనిచోట నుండుట. ఇది మంచి యేర్పాటు. దీనిని చెడగొట్టువారు ప్రభుత్వోద్యోగులును కాలేజీలవారును మాత్రమే యనుకొనుట మనకు సుఖముగా నుండును గాని, దోషమున పెద్దపాలు గృహస్థులమగు మనదే.

వైద్యవిద్యార్థి విషయమున మనమిట్లు చేయుదుమా? పరీక్షలన్నియు గెలిచినను, పండ్రెండు నెలలు హౌస్ సర్జనుగా ఆసుపత్రిలో రేయింబవళ్లు మెలగినగాని వానికి స్వతంత్రముగా వైద్యముచేయు నధికారము రాదు. "మావాడు పుస్తకము చదివినాడు, సూది పట్టనక్కఱలేదు" అని యే తండ్రియు ననడు. అన్నచో ఆ కుమారునిచేత సూది వేయించుకొనుటకు ఆ తండ్రియే యొప్పుకొనడు!

వ్యవసాయ కాలేజీల పద్ధతిని చూడుడు. నాల్గవ యేట విద్యార్థులు గ్రామమున కాపురముండి, ఒక్కొక్క రైతు ననుసరించి పనిచేయవలయును. మట్టి పరీక్షకై పొలమున పలుతావుల ఆఱంగుళముల లోతున గుంటలు త్రవ్వి, ఆ మన్నంతయు కలిపి, నాలుగు పాళ్లుచేసి, ఎదురెదురు పాళ్లను పారవైచుచు అరకిలో మిగుల్చుకొనవలెనని పుస్తకము చెప్పును. పెంటకుప్ప యున్నచోట తీయరాదనియు చెప్పును. కాని నిరుడు పెంటకుప్ప ఎక్కడ నుండెనో పుస్తకమెట్లు చెప్పును? రైతే చెప్పవలయును. అతడైనను ఉదయము కారులో వచ్చి మధ్యాహ్నమునకు మరలిపోవువానికి చెప్పడు; తన యరుగుమీద కూర్చుండి గంజి త్రాగినవానికి చెప్పును. నివాసముయొక్క ప్రయోజన మిదియే.

వాణిజ్యము చదువువానికి మాత్రమిది యేల కూడదు? కోతల దినములలో ధాన్యము కొనుచోట నెలదినములుండి, తేమ నూటికి 17 పాళ్లకు మించెనని బస్తాలను త్రోసివేసినపుడు రైతు ముఖము చూచినయెడల, జమాఖర్చులలోని యొక యంకెకు అర్థమేమో వానికి తెలియును. 1969లో పుట్టిన జాతీయ సేవాపథకమున ఏడుదినముల శిబిరమున్నది గదా యందురు. ఏడుదినములలో ఊరికుక్కలైనను మొఱుగుట మానవు.

"ఆడపిల్లను పల్లెకు బంపుటెట్లు?" అని తల్లు లడుగుదురు. ఈ భయము నిరాధారమని మేమనము. కాని వ్యవసాయ కాలేజీల బాలికలు గుంపులుగా గ్రామములందుండి వచ్చుచునే యున్నారు. అంతేకాదు, పట్టము చేతికివచ్చిన మఱునాడే ఆ బాలికను ఒంటరిగా అమెరికాకు విమానమెక్కించుచున్నాము. పదిక్రోసుల దూరపు పల్లెకనగానే మేల్కాంచు భయము సముద్రము దాటునపుడు ఎచ్చట నిద్రించుచున్నదో! వసతిగృహమనగా ఆఱుగంటలకు తాళము వేయు కొట్టమని మనమే నిర్ణయించి, బాలికకు లోకము తెలియదని మరల మనమే నిందించుచున్నాము.

ఒక్క యాక్షేపణకు మాత్రము మేము తలయొగ్గుదుము. వేసవిలో కూలికిపోయి ఫీజు కూడబెట్టుకొను విద్యార్థి, జీతములేని పనికి రెండు నెలలు ఎట్లు పోగలడు? వానికి దినభత్యమును, ఉన్నయూర కూడును గూడును ప్రభుత్వమే యీయవలయును. ఇయ్యని పక్షమున దొంగకాగితము తెచ్చెనని వానిని దూషించు హక్కెవరికిని లేదు. మనబోటి కలవారి పిల్లలకు ఆ సాకు లేదు. రాబోవు వేసవిలో కచేరి మిత్రుని యింటికి బయలుదేఱునపుడు, చెప్పులు తొడుగుకొనకముందే పిల్లవానిని పిలిచి, వానికి రైలు టిక్కెట్టు కొనియిండు.