కుందేలుకు లంఖణం పనికిరాదు

"లంఖణం పరమౌషధం" అన్నారు మన పెద్దలు. ఒళ్లు వెచ్చబడిన పిల్లవాడికి ఒక పూట అన్నం మానిపించి, మర్నాడు చారన్నంతో పథ్యం పెట్టడం మన యిళ్లల్లో పాత వాడుకే. మనుషుల సంగతి ఎలా వున్నా, యింట్లో పెంచుకునే కుందేలు విషయంలో మాత్రం ఆ సామెతను నమ్ముకుంటే దాని ప్రాణానికే ముప్పు.

కుందేలు జబ్బు గురించి కూడా ఒక వ్యాసమా అని నవ్వకండి. హైదరాబాదు వెళ్లిన తండ్రి, పిల్లల మారాం పడలేక, ఒక జత తెల్లకుందేళ్లను అట్టపెట్టెలో పెట్టుకుని తెస్తాడు. పిల్లలు వారం రోజులు ముద్దు చేస్తారు. ఆ తర్వాత చాకిరీ అంతా యిల్లాలి పాలే గదా! మా జహీరాబాదులో మా వీధి ఒక్కదానిలోనే రెండిళ్లలో వున్నాయి. అన్నట్టు, చెరుకు చేలల్లో దూకుతూ కనిపించే చెవుల పిల్లి వేరు. అది అడవి జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టి పెంచడం నేరం. మనం పెంచుకునేవి ఐరోపా నుంచి వచ్చిన జాతికి చెందినవి.

మొన్న వేసవిలో పక్కింటి అమ్మాయి మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అయిదో తరగతి చదువుతోంది.

"పెద్దమ్మా, మా బుజ్జి పొద్దుగాల నుంచి ఏం తింటలేదు. మూలకు ముడుసుకొని కూసుంది. కొత్తిమీర పెట్టినా మొకం తిప్పుకుంటున్నది" అంది.

వెనకాలే వాళ్ల నాయనమ్మ వచ్చింది. "అలిగినట్టున్నదమ్మా. నిన్న పిల్లలు మస్తు సతాయించిన్రు. ఆకలైతే గదే తింటది తియ్" అంది.

ఆవిడ ఎన్నో బర్రెల్ని, మేకల్ని సాకిన మనిషి. ఆవిడ మాట తీసెయ్యడానికి వీల్లేదు. అయినా నేను అడిగింది ఒక్కటే: "పెంటికలు వేసిందా?" పిల్ల పరుగున వెళ్లి పంజరం కింది తట్ట చూసి వచ్చింది. "నాలుగే వున్నయి పెద్దమ్మా. గవి గూడ మిరియం గింజలంతే వున్నయి."

ఆరోగ్యంగా వున్న కుందేలు రోజుకు 200 నుంచి 300 దాకా పెంటికలు వేస్తుంది. అవి గుండ్రంగా, పొడిగా, యించుమించు ఒకే సైజులో వుంటాయి. నాలుగంటే నాలుగు వేసిందీ అంటే అలక కాదు, లోపల పేగు నిలిచిపోతోందన్న మాట.

దీని కడుపు తీరే వేరు. ఇది బర్రెలా నెమరు వెయ్యదు. పెద్దపేగు మొదట్లో ఒక పెద్ద సంచి వుంటుంది. తిన్న గడ్డిలో ముతక పీచు త్వరగా పెంటికలుగా బయటికి పోతుంది. మెత్తటి భాగం మాత్రం ఆ సంచిలోకి చేరి, అక్కడ సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. అలా తయారైన సారం చిన్న ద్రాక్షగుత్తిలా మెత్తగా బయటికి వస్తే, కుందేలు దాన్ని వెంటనే తినేస్తుంది. చూసి అసహ్యించుకోకండి. దాని బలమంతా అందులోనే వుంది.

యీ యంత్రమంతా గానుగ లాంటిది. ముతక పీచు పడుతున్నంతసేపే తిరుగుతుంది. మేత తగ్గితే పేగు నెమ్మదిస్తుంది. లోపలి సరుకు ఎండి గట్టిపడుతుంది. వాయువు చేరుతుంది. నొప్పి పుడుతుంది. నొప్పికి మరింత తినదు. తినకపోతే పేగు మరింత నెమ్మదిస్తుంది. పైగా కుందేలుకు వాంతి చేసుకునే శక్తి లేదు. అంచేత ఒక పూట పస్తు కూడా దానికి మందు కాదు, జబ్బుకు ఎరువు.

గుర్తులు చెబుతాను, రాసి పెట్టుకోండి. మేత తగ్గడం, ముందు యిష్టమైనదాన్ని కూడా వద్దనడం. పెంటికలు చిన్నవై, తగ్గి, చివరికి ఆగిపోవడం. వీపు గూనిగా పెట్టి, కళ్లు సగం మూసి, మూల కూర్చోవడం. పళ్లు గట్టిగా కొరకడం. (ఒళ్లు నిమిరితే సుఖంగా చేసే సన్నని చప్పుడు వేరు, నొప్పితో కొరికే చప్పుడు వేరు.) చెవులు చల్లబడడం. కుందేలు ఒంటి వేడి మామూలుగా 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య వుంటుంది. అది 38కి దిగిందంటే పరిస్థితి విషమించినట్టే. తిండి గాని, పెంటికలు గాని లేకుండా పది, పన్నెండు గంటలు గడిచాయంటే తెల్లవారనివ్వకండి, వైద్యుడి దగ్గరికి తీసుకుపోండి.

కొందరు డబ్బా పాలు, ఆముదం, అనాసరసం అంటూ యింటి వైద్యం మొదలుపెడతారు. కడుపులో వెంట్రుకల వుండ అడ్డుపడిందని, అనాసరసం దాన్ని కరిగిస్తుందని వెనకటి నమ్మకం. కుందేలు ఒళ్లు నాక్కుంటుంది కనక కడుపులో కొన్ని వెంట్రుకలు ఎప్పుడూ వుంటాయి. పేగు కదలక, తేమ లేక అవి వుండ కడతాయే గాని, చాలాసార్లు జబ్బుకు మూలం అవి కావు. మనుషుల మాత్రలు అసలే వద్దు. ముఖ్యంగా పిల్లల జలుబుకు వాడగా మిగిలిన అమాక్సిసిల్లిన్ మందు కుందేలు నోట్లో పోస్తే, పేగులోని మంచి సూక్ష్మజీవులు నశించి ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకొక హెచ్చరిక. పొట్ట బిర్రుగా డోలులా వుబ్బి, కుందేలు వున్నట్టుండి కూలబడితే పేగులో అడ్డం పడి వుండవచ్చు. అప్పుడు బలవంతాన ఏమీ తినిపించవద్దు, పొట్ట పిసకవద్దు. క్షణం ఆలస్యం చెయ్యకుండా బయలుదేరాలి. ఒళ్లు చల్లబడితే గోరువెచ్చని నీళ్ల సీసాకు తుండుగుడ్డ చుట్టి పక్కన పెట్టండి. ఎదురుగా ఎండుగడ్డి, నీళ్లు వుంచండి. అంతకు మించి చేసేది వైద్యుడే.

మా బుజ్జిని ఆ సాయంత్రమే తీసుకువెళ్లారు. మా దిక్కు పశువైద్యులు ఎక్కువగా చూసేది బర్రెల్ని, మేకల్ని; అంచేత కుందేలును చూస్తారా అని ముందుగా ఫోనులో అడిగి వెళ్లారు. డాక్టరుగారు పొట్ట తడిమి, అడ్డం లేదని తేల్చుకుని, చర్మం కింద సెలైను ఎక్కించి, నొప్పికి మందు యిచ్చారు. నానబెట్టి మెత్తగా చేసిన మేతను సూది లేని సిరంజితో, బుగ్గ పక్క నుంచి కొంచెం కొంచెంగా, మింగాక మళ్లీ పొయ్యాలని నేర్పారు. ఆ రాత్రి మేలుకుని ఆ పని చేసింది ఎవరనుకున్నారు? నాయనమ్మే. పొద్దున నేను వెళ్లేసరికి తట్ట ముందు కూర్చుని వుంది. "ఏడు పెట్టిందమ్మా" అంది, బర్రె ఈనినంత సంబరంగా.

తర్వాత తెలిసిన అసలు సంగతి వినండి. కుందేలు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే వుంటాయి. ముతక గడ్డి నమిలితేనే అరుగుతాయి. పిల్లలు ప్రేమ కొద్దీ జొన్నరొట్టె, బిస్కెట్టు, క్యారెట్టు పెడుతూ వచ్చారు. దవడపళ్లు అరగక, మొనదేలి నాలుకను గుచ్చుతున్నాయి. నోటినొప్పికి మేత మానేసింది. 100 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు తీసుకుపోయి పళ్లు రాపించాక గాని పూర్తిగా కోలుకోలేదు. పేగు నిలిచిందంటే దాని వెనక కారణం వెతకాలని చెప్పడానికే యిదంతా రాశాను. నొప్పి, బెదురు, నీళ్లు తగ్గడం, ఎండ, ఏదైనా కావచ్చు.

రాకుండా చూసుకోవడం సులువే. తిండిలో నూటికి 80 పాళ్లు ఎండుగడ్డే వుండాలి. మనకు గరికకు కొదవ లేదు. పురుగుమందు తగలని చోట కోసి, నీడన ఆరబెట్టి, బూజు పట్టకుండా దాచుకోండి. లేత జొన్నపైరు పశువులకే విషం, దాని జోలికి పోవద్దు. కొత్తిమీర, పుదీనా రోజూ కొంచెం పెట్టవచ్చు. చెరుకు ముక్క, ఆలుగడ్డ, వుల్లి, రొట్టె వద్దు. నీళ్లు వెడల్పాటి గిన్నెలో పెట్టండి. రోజూ కాసేపు పంజరం బయట తిరగనివ్వండి. వెంట్రుకలు రాలే రోజుల్లో దువ్వండి. ఎండాకాలం చల్లని నేల మీద, గాలి ఆడే చోట వుంచండి.

రేపు పొద్దున తట్ట వూడ్చేటప్పుడు పెంటికల మీద ఒక్క చూపు వెయ్యండి. కుందేలును చూసే వైద్యుడి ఫోను నెంబరు యివాళే కనుక్కుని కాలెండరు మీద రాసి పెట్టుకోండి. జబ్బు చేసిన రాత్రి వెతుక్కునే వ్యవధి వుండదు.