మడమలో దాగిన చక్రము

ఒకచోట కుదురుగా నిలువని వానిని చూచి "వీని అరికాలిలో చక్రమున్నది" అనుట తెలుగువారి వాడుక. తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువరకు ఇల్లంతయు కలయదిరుగు ఇల్లాలిని "కాళ్లకు చక్రములు కట్టుకొన్నది" అందురు. పెద్దలు అలంకారముగా ఆడిన ఈ మాటను అమెరికా దేశీయుడొకడు అక్షరాల నిజము చేసి చూపినాడు. రోజర్ ఆడమ్స్ అను నాతడు 1998లో మామూలు బూటు మడమను కోసి, ఆ గుంటలో చిన్న చక్రమొకటి ఇమిడ్చెను. ఆతని కుటుంబమువారు వాషింగ్టన్ రాష్ట్రమునందలి టకోమా పట్టణమున స్కేటింగ్ శాల నడపినవారు; చక్రముల నడుమ పెరిగినవానికి ఇట్టి ఊహ తట్టుట వింత కాదు. 2000 నుండి ఆ బూట్లు 'హీలీస్' అను పేర టెక్సాస్ రాష్ట్రమునుండి అంగళ్లకు వచ్చినవి. 2006, 2007 సంవత్సరములలో పాశ్చాత్య దేశముల పిల్లలకు వానిపై మోజు మితిమీరినది. పిదప ఆ మోజు కొంత చల్లారినది. సంస్థ 2013లో చేతులు మారినది. బూట్లు మాత్రము నేటికిని అమ్ముడగుచునే యున్నవి. వానిని పోలిన చవుక సరకు దేశదేశముల దొరకుచున్నది.

ఈ బూటు తొడిగిన పిల్లవాడు నలుగురితోపాటు నడచుచు నడచుచు, కాలివ్రేళ్లను పైకెత్తి, ఒంటి బరువును మడమపై మోపి, ఒక్కసారిగా జారిపోవును. ఆగవలెనన్న మడమ వెనుక అంచును నేలకు రాయవలెను. పనిముట్టుతో చక్రమును ఊడదీసి, ఆ గుంటకు బిరడా బిగించినచో అది మరల మామూలు బూటే. కనికట్టువలె తోచు ఈ విద్యలో పిల్లలకు గల ఆనందమును కాదనుట న్యాయము కాదు. పాత సైకిలు టైరును కర్రతో కొట్టుచు వీధి పొడుగునా పరుగెత్తిన తరము, మునిమాపు వేళ తల్లి పిలిచినను వినిపించుకొనని తరము, నేటి పిల్లల చక్రములను చూచి ముఖము చిట్లించుట తగదు. గుండ్రని వస్తువునకు బాల్యమునకు గల చుట్టరికము చాల పాతది.

ఆక్షేపణ చక్రముపై కాదు. అది దొరలు చోటుపై. వేలాది జనము క్రిక్కిరిసిన వినోద వనములలో ఈ బూట్లతో పిల్లలను విడిచిపెట్టు తలిదండ్రులు కలరు. అందునకు కారణమును వెదుక పనిలేదు. అట్టి వనములలో నేల నున్నగా నుండును. ప్రపంచమున ఇట్టివానికి ఒరవడి పెట్టిన డిస్నీలాండ్ 1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో తెరువబడినప్పుడు, అప్పటికప్పుడు పోసిన తారు ఎండకు మెత్తబడి, వచ్చిన స్త్రీల ఎత్తుమడమల చెప్పులు అందులో దిగబడినవని చెప్పుదురు. ఆనాటినుండి ఈనాటివరకు నిర్వాహకులు చేసిన కృషి యంతయు, అడుగు తడబడని సమతలమును కల్పించుటకే. పసిపిల్లల తోపుడుబండ్లకు, నడువలేని వారి చక్రపు కుర్చీలకు అనుకూలముగా మెట్లు తగ్గించి ఏటవాలు దారులు వేసిరి. అశక్తులకొరకు చేసిన ఆ నునుపే మడమలో చక్రము గల బాలునకు ఆహ్వానపత్రిక యైనది.

గుంపులో నడచుట ఒక విద్య. ఎవరును నేర్పకయే ప్రతి మనిషియు నేర్చుకొను విద్య. ఎదుటివాని భుజము వాలును, అడుగు పడు తీరును కంటికొనతో గ్రహించి, వాడు రెండు క్షణముల తరువాత ఎచ్చట నుండునో అంచనా కట్టి, దానినిబట్టి తాను ప్రక్కకు ఒదుగును. తిరునాళ్లలో తలపై బుట్ట, చంకలో బిడ్డ గల స్త్రీ సైతము ఎవరిని తాకకుండ సాగిపోవుచుండుట ఈ విద్య బలముననే. జాన్ ఫ్రూయిన్ అను అమెరికా ఇంజనీరు 1971లో వెలువరించిన గ్రంథమున పాదచారులకు కావలసిన చోటును లెక్కగట్టి, మనిషి యొక్కొక్కనికి 35 చదరపు అడుగులు దక్కినప్పుడే నడక స్వేచ్ఛగా సాగుననియు, 5 చదరపు అడుగులకు తగ్గినచో నడక యన్నది మిగులదనియు నిర్ణయించెను. ఊరేగింపు వచ్చు వేళను, బాణసంచా వెలుగు వేళను వినోద వనపు వీధిలో ఈ రెండవ స్థితియే దాపురించును.

అట్టి చోట చక్రపు బూటు చేయు అపకారము వేగమొక్కటే కాదు. సైకిలును చూచి జనము తొలగుదురు. తోపుడుబండిని చూచి దారి ఇత్తురు. వెనుకటి ఎడ్లబండికి మువ్వలుండెడివి; ఇరుసు కిర్రుమని కేకవేసెడిది. జనసమ్మర్దము నడుమ రథము కదలునప్పుడు చక్రముల క్రింద కొయ్యదిమ్మలు వేయుటకు మనుష్యులు, "తొలగుడు తొలగుడు" అని అరచుటకు మనుష్యులు ప్రక్కల నడచెదరు. చక్రము తాను చక్రమని చాటుకొని వచ్చుట నాగరికతలో ఒక మర్యాద. మడమలోని చక్రము ఈ మర్యాదను తప్పినది. ఎదుటివాని కంటికి ఆ బాలుడు నడచు బాలుడే. అందరివలె ఒక అడుగు దూరములో ఆగగలడని నమ్మి వారు కదలుదురు. ఆ నమ్మకమును వమ్ముచేయుచు, వాడు కాలు కదపకయే మీదికి వచ్చును. తప్పుకొనవలసిన దిక్కును నిశ్చయించుకొనుటకు వ్యవధి యుండదు. మోసము చేయవలెనని బాలుడు తలచలేదు. ఆ బూటు నిర్మాణములోనే మోసము దాగియున్నది.

తొడిగినవారికి కలుగు కష్టమును వైద్యులు ఎన్నడో గుర్తించిరి. 2006 వేసవిలో డబ్లిన్ నగరపు టెంపుల్ స్ట్రీట్ బాలల ఆసుపత్రికి పది వారములలో 67 మంది పిల్లలు ఇట్టి బూట్ల కారణముగ ఎముకలు, కీళ్లు దెబ్బతిని వచ్చినట్లు అచ్చటి వైద్యులు మరుసటి యేడు ప్రకటించిరి. గాయములు ఎక్కువగా చేతులకే. బరువు మడమపై నుండుటచే పిల్లవాడు వెనుకకు పడును. పడుచు చేతులను వెనుకకు ఊనును. ఆ ఊతకు మణికట్టో మోచేయియో బలియగును. అయిదింట ఒకవంతు గాయములు బూట్లు మొదటిసారి తొడిగినప్పుడే తగిలినవట! అమెరికాలో వినియోగదారుల భద్రతా సంఘము 2006లో ఆసుపత్రుల అత్యవసర విభాగములకు వచ్చిన ఇట్టి గాయములను సుమారు 1,600గా అంచనా వేసెను. శిరస్త్రాణము, మణికట్టు కవచములు, మోకాలి కవచములు లేనిదే వానిని తొడుగరాదని ఎముకల వైద్యుల సంఘము 2007లో హెచ్చరించినది. తయారుచేసినవారును ఆ మాటనే చెప్పుదురు. కాని వినోద వనమునకు శిరస్త్రాణముతో వచ్చు బాలుడెవ్వడు?

డబ్లిను లెక్కలలో ఉన్నది తొడిగినవారే. తాకిడికి పడినవారు అందులో లేరు. చక్రము మీది పిల్లవాడు పదేండ్లవాడు. ఎముక విరిగినను ఆరువారములలో అతుకుకొనును, చేతికట్టుపై స్నేహితులచే చేవ్రాళ్లు చేయించుకొని మురిసిపోవును. వాని తాకిడికి నేలకొరిగినది డెబ్బది యేండ్ల వృద్ధురాలైనచో, తుంటి ఎముక విరిగినచో, కథ అంతటితో ముగియదు. ఆ వయసున తుంటి విరుగుట యన్నది పలువురి విషయమున మరల స్వతంత్రముగ నడువలేకపోవుటకు ఆరంభము. టెక్సాస్‌లోను కాలిఫోర్నియాలోను స్థిరపడిన తెలుగు కుటుంబములు ఊరినుండి వచ్చిన తలిదండ్రులను ముందుగా చూపించు వింతలలో ఈ వనములును ఉన్నవి. మనుమని చేయి పట్టుకొని, చీర కుచ్చిళ్లు సవరించుకొనుచు, తెలియని భాష నడుమ మెల్లగా సాగు ఆ ముదుసలికి, ఎదురుగా వచ్చుచున్న బాలుని మడమలో ఏమున్నదో తెలియు మార్గమేది? చక్రము తొడిగిన బాలుడును తెలుగువారి బిడ్డయే కావచ్చును.

డిస్నీ వనముల నిర్వాహకులు మడమలో చక్రము గల బూట్లను తమ నిషిద్ధ వస్తువుల పట్టికలో చేర్చిరి. చక్రపు పలకలకు, స్కేట్లకు పట్టిన గతియే వానికిని పట్టినది. కంటికి కనబడు చక్రములనుకూడ వారు ఊరక విడువలేదు. 2019 మే నుండి పసిపిల్లల తోపుడుబండ్లు 31 అంగుళముల వెడల్పునకు, 52 అంగుళముల పొడవునకు మించరాదని కొలత పెట్టిరి. దీనిని చూచి కొందరు వ్యంగ్యముగా ఒక ప్రశ్న వేయుదురు: వేగమును టిక్కెట్టు పెట్టి అమ్ముకొనువారు, ఉచితముగా దొరకు వేగమును నిషేధింపక ఏమి చేయుదురు? ప్రశ్నలో చమత్కారము లేకపోలేదు. వ్యాపారుల ఔదార్యమును శంకించుట ఆరోగ్యకరమైన అలవాటే. కాని ఈ సందర్భమున ఆ శంక నిలువదు. ఆ వనములలో అమ్మబడు వేగమునకు పట్టాలున్నవి. నడుమును బిగించు పట్టీలున్నవి. బండిని ఆపు యంత్రములున్నవి. ఇంతకన్న పొట్టివారు ఎక్కరాదని ద్వారముకడ కొలబద్ద పాతబడియున్నది. ప్రపంచమున వేగమునకు ఇంతటి కావలి గల చోటు అరుదు. మడమ చక్రము ఇచ్చు వేగమునకు పట్టా లేదు, పట్టీ లేదు, కొలబద్ద లేదు. పైగా అది ఎక్కుటకు ఇష్టపడి వరుసలో నిలుచున్నవారిని కాక, దారిన పోవువారిని తన ఆటలో చేర్చుకొనును. వారి అనుమతి ఎవరును అడుగలేదు.

"పిల్లలు కదా!" అను మాట తలిదండ్రులనుండి వినవచ్చు సమాధానము. పిల్లలు కనుకనే ఈ చర్చ వచ్చినది. పెద్దవాడు తాకినచో కోపగించుకొనవచ్చును; పసివాడు తాకినప్పుడు, పడినవారు నొప్పిని దిగమ్రింగి నవ్వవలసి వచ్చుచున్నది. బాల్యమునకు లోకము చూపు ఈ దయను తలిదండ్రులు తమ ఏమరుపాటునకు కవచముగా వాడుకొనుట సరికాదు. దినమంతయు నడచి నడచి పిల్లలు అలసిపోవుదురనియు, చక్రముండుటచే విసుగు లేక తిరుగుదురనియు చెప్పువారి మాటలో కొంత నిజమున్నది. ఆ వనములు పెద్దవారి కాళ్లకే పెద్ద పరీక్ష. అలసిన పిల్లవానికి కావలసినది నీడ, నీరు, ఒక చోట కూర్చుండుట. అలసిన కాలు చక్రముపై మరింత అదుపు తప్పును.

చక్రపు కాళ్లకును జనసమ్మర్దమునకును వైరము నేటిది కాదు. బెల్జియము నుండి లండను చేరిన వాద్యనిర్మాత జోసెఫ్ మెర్లిన్, పదునెనిమిదవ శతాబ్దమున సోహోలోని కార్లైల్ భవనమున జరిగిన వేషధారుల విందునకు, తాను చేసిన చక్రపు బూట్లు తొడిగి, వయొలిను వాయించుచు విచ్చేసెనట. ఆగు ఉపాయము, దిశ మరల్చు ఉపాయము ఎరుగక, అయిదువందల పౌనుల పైచిలుకు విలువ గల నిలువుటద్దమునకు కొట్టుకొని, దానిని పగులగొట్టి, వయొలినును ముక్కలు చేసి, తానును గాయపడెనని 1825 నాటి ఒక గ్రంథము చెప్పుచున్నది. అద్దము పగిలినందుకు లోకము చక్రమును బహిష్కరింపలేదు. సుమారు నూరేండ్ల పిమ్మట, 1863లో, న్యూయార్కు నివాసి జేమ్స్ ప్లింప్టన్ ఒరిగిన వైపునకు తిరుగునట్టి నాలుగు చక్రముల స్కేటును కనిపెట్టెను. అంతటితో ఊరకుండక, 1866లో న్యూపోర్టు పట్టణమున ఒక హోటలు భోజనశాలను స్కేటింగ్ శాలగా మార్చెను. ఆయన కల్పనలలో మేలైనది స్కేటు కాదు, ఆ శాల యనవచ్చును. లోన నున్నవారందరి కాళ్లకును చక్రములుండును; ఎవరు ఎటు దొరలుదురో ఎవరికిని అనుమానముండదు. హైదరాబాదు ఇందిరా పార్కులోని స్కేటింగ్ ఆవరణ ఆ సంప్రదాయమునకు చెందినదే. ఆ నగరపు యువకుడు అనూప్ కుమార్ యామ 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో స్కేటింగునందు రెండు కాంస్య పతకములు గెలిచి, 2015కు అర్జున పురస్కారమును పొందుట, చక్రమునకు చోటు చూపినచో ఏమి దక్కునో తెలుపును.

వినోద వనముల వారు నిషేధపు పట్టికను ప్రకటించి ఊరకొన్నచో పని సగమే జరిగినట్లు. ద్వారముకడ సంచులు వెదకువారు బూటు మడమలను చూచుట అరుదు. పట్టికను చదివి వచ్చు తలిదండ్రులు అంతకన్న అరుదు. టిక్కెట్టు కొనునప్పుడే ఆ సంగతి చెప్పవచ్చును. చక్రము ఊడదీయు పనిముట్టును ద్వారముకడ ఉంచి, ఊడదీసిన చక్రములను చీటి కట్టి భద్రపరచి, సాయంకాలము పోవునప్పుడు తిరిగి ఇయ్యవచ్చును; గుంటలో బిగించు బిరడా ఇంటనే మరచివచ్చినవారికి ఒకటి అమ్మినను తప్పులేదు. ఇంత భూమిని చదును చేసి ఇన్ని వింతలు నిలిపినవారు ఒక మూల చుట్టును దడి గల నున్నని గచ్చును వేసి, శిరస్త్రాణములు అద్దెకిచ్చి, చక్రముల పిల్లలను అందులో విడిచినచో వారి ఖజానాకు వచ్చు నష్టమేమియు కనబడదు. దడి వెలుపల బల్లలు వేయించిన మంచిది. తాతలు, అమ్మమ్మలు కూర్చుండి చూతురు.